ఇంజన్ అడుగున చప్పుడు

విప్పిన ఇంజన్‌ని ఒడిలో పెట్టుకున్నట్టు దీన్ని ఇన్నేళ్లూ మోశాను. ముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. మా వీధి ఆడవాళ్లకి సాయంత్రాలు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. అక్షరాలు నిరుడే వచ్చాయి. అయినా అది సగం నిజమే. నోరుంది కదా, చెప్పొచ్చు కదా? నోరు తెరిచినప్పుడల్లా మాట కూర మీదికో వాన మీదికో పోయేది. కాగితం మీద అలా తప్పించుకోవడం నాకింకా చేతకాదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది చీపురుపల్లి. మా ఆయన, వరసకు బావ, మోటారుసైకిళ్ల మెకానిక్. రేకుల షెడ్డు. ఇంజన్ల పక్కనే బతికి బతికి అతని చెవులు మందగించాయి. సన్న చప్పుళ్లు అందేవి కావు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

బండి వచ్చినప్పుడు నేను టీ పట్టుకెళ్లేదాన్ని. అతను బండి మనిషిని ఏదో పని మీద కొట్టుకి పంపి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి నా చెవికి పెట్టేవాడు. లోపలి చప్పుడంతా ఆ ఇనుములోంచి వచ్చేది. ఆ మోతలో మాట అతనికి వినపడదు కాబట్టి చేత్తో చెప్పేదాన్ని. వేలు పైకి చూపితే ఇంజన్ తలలో టకటకమనే ట్యాపెట్లు. చెయ్యి గుండ్రంగా తిప్పితే చైను. అరచెయ్యి నేలకేసి చూపితే అడుగున బేరింగు. అది పెద్ద రోగం. నా చెయ్యి ఎటు కదులుతుందా అని అతను కన్నార్పకుండా చూసేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను అంతగా చూసింది ఆ కాసేపే.

ఒకసారి విశాఖపట్నంలో పెద్ద వర్క్‌షాప్ యజమాని నుంచి కబురు వచ్చింది. నువ్వు కట్టిన ఇంజన్ బండి మీదే రా, దాన్ని విన్నాక పని ఇచ్చేదీ లేనిదీ చెబుతాను అని. బావ సంబరానికి హద్దు లేదు. ముందు తనొక్కడే వెళతాడట, తర్వాత నన్ను తీసుకెళతాడట. “అక్కడ రోగం సెప్పడానికి మిసన్లున్నాయంట!” అన్నాడు. సంతోషంగానే అన్నాడు. మిషన్లుంటే ఇక నా చెవితో అతనికి పనేముంది?

బయల్దేరే పొద్దున బండి స్టార్ట్ చేసి పిడి నా చెవికి పెట్టాడు.

“ఒసే, ఓపాలి ఇను.”

విన్నాను. పై చప్పుళ్లన్నిటి కింద, నూతి అడుగున ఎవరో రోకలి వేస్తున్నట్టు, ఆగి ఆగి ఒక దెబ్బ.

నేను తల అడ్డంగా ఊపాను. నమ్మకం కుదరక ఇంజన్ ఆపి అడిగాడు. “ఏటీ లేదా? నీ సెవి మీదే ఎల్తన్నాను మరి.”

“ఏటీ లేదు బావా. ఎల్లు.”

ఏం కోరుకున్నాను? బండి దారిలో ఆగాలని, అతను వెనక్కి రావాలని. అంతేనా? పరుగులో ఇంజన్ పట్టేస్తే చక్రం బిగుసుకుంటుందని, వెనక లారీ ఉంటే మనిషి మిగలడని నాకు తెలియదా? తెలియదని రాద్దామని కలం పెట్టాను. రాయలేకపోయాను.

విజయనగరం దాటాక పట్టేసింది. మోకాళ్లు చీరుకుపోయి, బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని తిరిగొచ్చాడు. “మెకానిక్కు బండే ట్రాలీ ఎక్కిందిరోయ్!” అని టీ కొట్టు దగ్గర నవ్వారు. విశాఖపట్నం నుంచి మళ్లీ కబురు లేదు.

ఇంజన్ విప్పాక బేరింగు అరచేతిలో పెట్టుకుని నా వైపు చూశాడు. “ఒక్క రోజులో పోయింది కాదే ఇది. నీకు ఇనపడనేదా?”

“నేదు బావా.”

తిట్టి ఉంటే చెప్పేసేదాన్నేమో. తిట్టలేదు. గ్రీజు చేత్తోనే నా చెవి తడిమి, “పాపం, నీ సెవి కూడా పోనాదే,” అన్నాడు. స్క్రూడ్రైవర్ మేకుకి తగిలించేశాడు.

అప్పటి నుంచి పంక్చర్లు వేస్తాడు, ఆయిల్ మారుస్తాడు. ఇంజన్ పనైతే వేరే షెడ్డుకి పంపేస్తాడు. ఇప్పటికీ టీ పట్టుకెళతాను. గ్లాసు అందుకుని రోడ్డు వైపు చూస్తాడు. నా చెవి బాగానే ఉంది. వంటింట్లో ఉండగా వీధిలో ఏ బండో గలగలమంటూ పోతుంది. బియ్యం కడుగుతున్న చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. చూసేవాళ్లు ఎవరు?

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. ఈ పొద్దున బావ షెడ్డుకి వెళ్లడానికి బండి స్టార్ట్ చేశాడు. నేను అంతకుముందే షెడ్డుకి వెళ్లి, మేకుకున్న స్క్రూడ్రైవర్ తెచ్చి ఉంచుకున్నాను. మొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను.

బావ నా చెయ్యి వైపు చూశాడు. ఎన్నాళ్లకి.

అరచెయ్యి నేలకేసి చూపాను.

అతను కంగారుగా ఇంజన్ ఆపేశాడు.

“ఇయాల్టిది కాదు బావా,” అన్నాను. “ఆ రోజుది.”