కవిటమ్మ అసలు పేరు

పలాస స్టేషన్లో రైలు దిగి, ఆటోల వాళ్ల కేకలు తప్పించుకుని కాశీబుగ్గ వైపు నాలుగడుగులు వేస్తానో లేదో, జీడిగింజలు కాలుస్తున్న పొగ వచ్చి ముక్కులో దూరుతుంది. కొత్తవాళ్లు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం ఆగి, గుండెల నిండా పీల్చుకుని, ఆ వెంటనే నా మీద నాకే విసుగొచ్చి గబగబా నడిచేస్తాను. ఆ వాసన తగిలిందంటే చాలు, టెక్కలిలో నేను చెప్పే పాఠాలూ, దిద్దాల్సిన పేపర్లూ ఎక్కడికో పోయి, నాయనమ్మ పెరట్లో ఇసక మీద గొంతుక్కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను. అసలే నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. ఉన్న ఆ కాస్త కుదురూ ఈ ఏడాదిలో పోయింది. పోగొట్టింది మా తాతని కన్నతల్లి, నేను కళ్లతో చూడని మనిషి.

మా ఊరు వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రం హోరు ఇంట్లోకి వినపడేంత దగ్గరలో, కొబ్బరిచెట్ల నీడలో ఉండేది. ఎండలు ముదిరేసరికి ఊరు ఊరంతా జీడిమామిడి పళ్లు పులిసిన వాసనే. ఆ పండు రసం తాగితే గొంతు పట్టేస్తుంది, గౌను మీద పడితే మరక చచ్చినా పోదు, పచ్చి గింజ కొరికితే పెదాలు బొబ్బలెక్కుతాయి. మూడూ తెలుసు, మూడూ చేసేవాళ్లం. ఇసకలో గీత గీసి గింజలు వరసగా నిలబెట్టి, దూరం నుంచి ఇంకో గింజతో కొట్టి, కొట్టినవన్నీ గౌను ఒళ్లో పోసుకుని ఇంటికి పరిగెత్తేవాళ్లం. సాయంత్రం నాయనమ్మ చిల్లులు పడిన పాత రేకు మీద వాటిని పోసి కాల్చేది. నూనె చిమ్మి మంట భగ్గున లేచేది. ఆవిడ దోసెడు ఇసక చల్లి మంట ఆర్పి, ఒక్కొక్క గింజనీ రాతి మీద పెట్టి చితక్కొట్టి, వేడి పప్పు మా అరచేతుల్లో పడేసేది. మాకు ఆ పప్పు రుచి తెలుసు గానీ, ఏడాది పొడుగునా నల్లగానే ఉండిపోయే ఆవిడ వేళ్ల సంగతి ఎప్పుడూ పట్టలేదు.

చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, ఆ గింజల ముందే కూర్చుని కథలు చెప్పేది. ఎక్కువగా తన అత్తగారి కథలే. ఆవిడ పేరు కవిటమ్మ. కవిటి నుంచి ఎడ్లబండి మీద కాపరానికి వచ్చింది కాబట్టి కవిటమ్మ. మా వైపు అంతే, బారువ నుంచి వచ్చిన కోడలు బారువమ్మ, మందస నుంచి వచ్చింది మందసమ్మ. పుట్టింటి వాళ్లు పెట్టిన పేరు అత్తారింటి గడప బయటే ఉండిపోయేది. కవిటమ్మకి చిన్నతనంలోనే మొగుడు పోయాడు. చేతిలో మా తాత, పాలుతాగే పిల్లాడు. చేతికొచ్చింది ఎవరికీ అక్కర్లేని ఇసక దిబ్బ. “ఇసకలో ఏటి మొలుత్తాదే” అని ఊరు నవ్వుతుంటే, పిల్లాణ్ణి వీపుకి కట్టుకుని, నెత్తిన కుండతో నీళ్లు మోసి, దిబ్బంతా జీడిగింజలు నాటిందట. పుట్టింటి నుంచి కొంగున కట్టి తెచ్చిన పనసగింజ నూతి పక్కన పాతిందట. మేము తిన్న జీడిపప్పూ, పనసతొనలూ, చదివిన చదువులూ అన్నీ ఆ దిబ్బ మీంచి వచ్చినవే.

“మరి ఆవిడ అసలు పేరేటి నాయనమ్మా?” అని ఎన్నిసార్లడిగానో. నాయనమ్మ ఒక్కటే అనేది, “ఆ పేరెట్టి పిలిత్తే పలికీది ఈ ఇంట్లోనే ఉన్నాది. ఎల్లి అడుగు.” నేను దేవుడి గూడు దగ్గరా, ధాన్యం గాది వెనకా తొంగిచూసి, ముసల్దాని దెయ్యం కాబోలని హడలిపోయి అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. నాయనమ్మ పేర్ల విషయంలో అలాంటిదే. ఓటర్ల పేర్లు రాసుకునే మనిషి వచ్చి తాత పేరు అడిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “సింహాచలం కొండ మీదుండీ సామి పేరే, రాసుకో బాబూ” అనేది. ఆయన ఏమి రాసుకునేవాడో ఆ సామికే తెలియాలి.

నా పేరు సుభద్ర. తాత పెట్టాడు, నేను పాకుతుండగానే పోయాడు. నాయనమ్మ మాత్రం నన్ను ఒక్కనాడు కూడా ఆ పేరుతో పిలవలేదు. తమ్ముణ్ణి “రాజారావూ” అని నోరారా పిలిచేది, వీధిలో పిల్లలందరికీ పేర్లుండేవి, నాకు లేదు. “ఒలే గుంటా, ఇలాగొచ్చీ”, “గుంటా, ఆ కుండందుకో.” మా వైపు ఆడపిల్లనెవర్నయినా గుంటే అంటారు, దారినపోయే పిల్ల కూడా గుంటే. మొగపిల్లాడి మీద ఉన్న ప్రేమ నా మీద లేదని తేల్చేసుకున్నాను. ఒకసారి అలిగి అన్నం ముందు కూర్చుని, పేరుపెట్టి పిలిస్తేనే తింటానని మొండికేశాను. పనసపొట్టు కూర చల్లారిపోయింది. నాయనమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా పిలవలేదు. “తినీవే గుంటా, నా తల్లివి కదూ, తినీ.” చివరికి ఆకలికి నేనే ఓడాను. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

తొలకరి తర్వాత రథం పండక్కి నాయనమ్మ మమ్మల్ని తీసుకెళ్లేది. దారంతా బురద, చేతిలో ఆకు పొట్లంలో కొబ్బరి బూరెలు, పైన ఎప్పుడు కురుస్తుందో తెలియని మబ్బు. తాళ్లు లాగేవాళ్ల అరుపుల్లో నన్ను భుజానికెత్తుకుని, “అదిగో జగన్నాథం, అడుగో బలభద్రుడు” అని చూపించి, మధ్యనున్న దేవతకి మాత్రం “ఆ సెల్లెమ్మకి కూడా దణ్ణమెట్టు” అనేది. ఆ చెల్లెమ్మ పేరు నా పేరేనని బడిలో తెలిసింది, ఎంత పొంగిపోయానో. దేవత పేరయినా సరే నా దగ్గరికొచ్చేసరికి ఈవిడకి నోరు రావట్లేదని ఇంకా మండింది.

నాన్న పోయాక వచ్చిన పెద్దల అమావాస్యకి సముద్రం ఒడ్డున తమ్ముడు నువ్వులూ నీళ్లూ వదులుతుంటే, పంతులుగారు మగవాళ్ల పేర్లు మూడు తరాలు అడిగారు, గడగడా చెప్పాడు. ఆడవాళ్ల దగ్గరికొచ్చాక, నాయనమ్మ తర్వాత, “ముత్తవ్వ పేరు?” అన్నారు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. “మా అత్త ఎప్పుడు సెప్పిందనీ” అంది అమ్మ. నాన్న పసివాడిగా ఉండగానే కవిటమ్మ పోయింది, ఆయనకీ ముసలమ్మనే తెలుసు. పంతులుగారు మంచివాడు. “తెలియకపోతే పర్వాలేదమ్మా, అందరికీ కలిపి వదిలేద్దాం” అన్నారు. నాకు ఒళ్లు మండింది. దిబ్బని తోట చేసిన మనిషికి దోసెడు నీళ్లు కూడా సొంత పేరు మీద లేకపోవడమేమిటి?

అప్పట్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆదివారం వస్తే ఊరికీ, సెలవు దొరికితే ఆఫీసులకీ. పాత ఓటర్ల జాబితాలో కవిటమ్మే. తాత చదివిన బడి రిజిస్టరులో తండ్రి పేరుకి గడి ఉంది, తల్లి పేరుకి గడే లేదు. ఆ గడి లేని కాగితం ముందు నిలబడి, అది రాసినవాళ్లని మనసులో కడిగేశాను. దిబ్బ తాలూకు దస్తావేజు నకలు చూస్తే అక్కడా కవిటమ్మే, పక్కన వేలిముద్ర. ఎవరూ చూడకుండా ఆ ముద్ర మీద నా బొటనవేలు పెట్టాను. సరిగ్గా సరిపోయింది, కానీ వేలికి పేరు ఉండదు కదా. ఏ ఆఫీసుకెళ్లినా అత్తారింటివాళ్లు చెప్పిందే రాసి ఉంది. అప్పుడు తట్టింది. కవిటిలో ఆవిణ్ణి కవిటమ్మ అని ఎవరంటారు?

మొన్న వేసవి సెలవుల్లో కవిటి వెళ్లాను. ఆవిడ పుట్టింటివాళ్ల ఇంటిపేరు పట్టుకుని నాలుగు వీధులు తిరిగితే, కొబ్బరిపీచు ఆరబెట్టిన అరుగు మీద ఎనభై దాటిన పెద్దాయన దొరికాడు. కవిటమ్మ తమ్ముడి కొడుకు. లోపల్నుంచి ఆయన భార్య ఒడియాలో ఏదో కేకేస్తే తెలుగులో జవాబు చెప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వచ్చిన పని చెప్పాను.

“మా మేనత్త పేరా?” అన్నాడాయన. “మా అయ్య సచ్చీదాకా అక్క పేరే తలిసీవోడమ్మా. రథం కదిలిన రోజున పుట్టింది. సుభద్ర.”

ఆ వెంటనే అడిగాడు, “నీ పేరేటమ్మా?”

చెప్పాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “మీ తాతెట్టినాడా? తల్లి పేరెట్టుకున్నాడన్నమాట. మరి మీ నాయనమ్మ నిన్నేటని పిలిసీది?” అన్నాడు.

“గుంటా అని.”

“మరేటంటాది? అత్త పేరు నోటితో పలుకుతాదా ఏటి? పిల్లన్నాక ఒక తిట్టు తిడతాం, ఒక దెబ్బ ఏత్తాం. ఆ పేరెట్టి తిడితే ఎవుల్ని తిట్టినట్టు?”

ఆయన ఇచ్చిన కొబ్బరిబొండం చేతిలో పట్టుకుని, వీధిలో ఎవరెవరో చూస్తున్నారని కూడా తెలియకుండా ఏడ్చాను. పిలిస్తే పలికేది ఇంట్లోనే ఉందని ఆవిడ ఎన్నిసార్లు చెప్పింది! నేను గాది వెనక వెతికాను. నా తల్లివి కదూ అంది. నేను కూర చల్లారబెట్టాను. రథం మీద అమ్మవారిని కూడా పేరుపెట్టి మొక్కలేనంత భయమూ భక్తీ ఆ నల్లని వేళ్ల మనిషికి తన అత్త మీద ఉంటే, దాన్ని నా మీద ప్రేమ లేకపోవడమనుకున్నాను. బస్సులో పలాస వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చోలేక నిలబడే ప్రయాణం చేశాను.

ఇప్పుడు మా పెరట్లో జీడిగింజలు కాల్చేవాళ్లు లేరు. గింజలు బస్తాల్లో పలాస పోతాయి. నూతి పక్క పనసచెట్టు తుఫానుకి పోయింది. ఇసకలో గీతలు గీసే పిల్లలూ లేరు. మొన్నటి పెద్దల అమావాస్యకి పంతులుగారు ముత్తవ్వ పేరు అడిగితే, తమ్ముడు నా వైపు ఒకసారి చూసి, గట్టిగా “సుభద్రమ్మ” అన్నాడు. అదే పేరున్న మనిషి బతికి పక్కనే నిలబడి ఉండగా ఆ పేరు మీద నీళ్లు వదలడం అమ్మకి నచ్చలేదు, నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. నేను కదల్లేదు. నీళ్లు ఇసకలో ఇంకిపోయాయి. బళ్లో, బజార్లో, బ్యాంకులో నన్ను సుభద్రా అనేవాళ్లు ఎందరో ఉన్నారు. గుంటా అని పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.