నాపరాళ్ల కొట్టం

ప్రొద్దుటూరులో బంగారం కొనాలంటే ఏ అంగడికి పోవాలో పదిమంది పది పేర్లు చెబుతారు. గుర్రం కుంటుతోందంటే మాత్రం అందరూ ఒకే ఇల్లు చూపిస్తారు. అది గులాబ్‌బీ ఇల్లు. ఆమె భర్త జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాయి, కొన్నాళ్లకు ఆయనా పోయాడు. గుర్రాల కాళ్లు బాగుచేసే పని మాత్రం ఆమె చేతిలో నిలిచిపోయింది. వేంపల్లె నుంచీ, దువ్వూరు నుంచీ పందెపు గుర్రాలను వ్యాన్లలో తెచ్చి ఆమె వాకిట్లో దించేవారు. ఆముదం వెచ్చజేసుకుని, మోకాలి నుంచి డెక్క దాకా వేళ్లతో తడుముతూ పోయేది. యజమానులు మధ్యలో నోరు తెరిస్తే, ముందు గుర్రాన్ని చెప్పనీయండి, తర్వాత మీరు చెబుదురు అనేది. ఆ మాట అనే హక్కు ఆమెకుందని అందరికీ తెలుసు.

అలాంటి ఇంట్లోనే గుర్రం కుంటింది.

చాందినీ ఆమె సొంత ఆడగుర్రం. పిల్లప్పుడు కొని పెంచుకుంది. కొడుకు రెహాన్ దాని మీద సవారీ చేసేవాడు. నిరుడు జమ్మలమడుగు పందెంలో అది మొదట వచ్చేసరికి గులాబ్‌బీ తమ్ముడు ఇలియాస్ కాళ్లు నేల మీద నిలవలేదు. అతనిది నాపరాళ్లకు పాలిష్ పట్టే పని. గెలిచిన గుర్రం ఇంకా మట్టిలో నిలబడడమేమిటని, మేలైన బండలు ఏరి తెచ్చి, అతుకు కనబడకుండా తనే కొట్టమంతా పరిచాడు. మా సీమలో ఎవరి మీదైనా ప్రేమ పుట్టుకొస్తే ముందు వాళ్లకు నాపరాయి పరుస్తాం మరి. వీధంతా వచ్చి చూసింది. మా వంటింటికే లేని నునుపు గుర్రానికి దక్కిందే అని ఆడవాళ్లు ఎగతాళి చేశారు. గులాబ్‌బీ మురిసిపోయింది.

చలికాలానికి చాందినీ ముందుకాళ్లు పట్టేశాయి. ఉప్పు కాపడం పెట్టింది, పసుపూ ఆముదం కలిపి కట్టు కట్టింది, లాడాలు ఊడదీయించి కొత్తవి కొట్టించింది. కాస్త నయమైనట్టే ఉండేది, మళ్లీ మొదటికొచ్చేది. పులివెందుల పందెం దగ్గరపడుతోంది. పందెం పోతే పోయింది, పరుగెత్తలేని గుర్రాన్ని ఎన్నాళ్లు పెట్టుకుంటావు, పెళ్లి ఊరేగింపులకు అమ్మేయమని చుట్టాలు పోరుపెట్టారు. బ్యాండు మోతలో ఆ నొప్పికాళ్లతో ఎగరడానికా దీన్ని పెంచింది అని ఆమె వాళ్ల మీద లేచేది. ఊరందరి గుర్రాలూ బాగుచేసి సొంతదాన్ని వదులుకుందన్న మాట తప్పేట్టు లేదు.

చివరికి పులివెందుల నుంచి పశువుల డాక్టరు స్వాతిని పిలిపించింది. ఎక్స్‌రే తీసిన స్వాతి, ఎముకకేమీ కాలేదనీ, డెక్కలూ నరాలూ నలిగాయనీ చెప్పి, మందులు రాసి, కదలనివ్వకుండా ఉంచమంది. గులాబ్‌బీ చెప్పింది చెప్పినట్టు చేసింది. చాందినీ కొట్టం దాటలేదు. కుంటు ఇంకా ఎక్కువైంది.

స్వాతి మళ్లీ వచ్చింది. మందు పనిచేయలేదని ఒప్పుకోవడానికి ఆమె మొహమాటపడలేదు. ఇద్దరూ గుర్రం పక్కనే నిలబడి, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పుకున్నారు.

"నడిచిన రోజు బాగుంటోందా, నిలబడిన రోజు బాగుంటోందా అమ్మా?" అని అడిగింది స్వాతి.

"ఏటి ఇసకలో తిప్పుకొచ్చిన రోజు బాగుంటాది మేడం. ఈడ నిలబడితేనే..." అంటూ గులాబ్‌బీ ఆగి, కిందికి చూసింది.

స్వాతి కూడా కిందికే చూసింది. చాందినీ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ మెరిసే బండ మీద నిలబడి ఉంది. పగలు కాపడం పెట్టిన కాళ్లనే రాత్రంతా రాతి మీద నిలబెడుతున్నానని గులాబ్‌బీకి తెలిసొచ్చింది.

కారణం దొరికినా తమ్ముడికి చెప్పడం ఎలాగో తోచలేదు. ఎవరొచ్చినా ఇలియాస్ ముందు చూపించేది ఆ కొట్టమే. అయినా ఫోన్ చేసి రమ్మంది.

"నీ పనిలో వంక లేదురా. బండలు శానా బాగుండాయి. దాని కాళ్లకే పడలేదు. నేను కనిపెట్టాల్సింది, కనిపెట్టలేకపోయినా."

ఇలియాస్ వంగి చాందినీ డెక్క మీద చెయ్యి పెట్టాడు. కాలుతోంది. లేచి వెళ్లి గడ్డపార తెచ్చాడు. కూలీలను పిలుద్దామని రెహాన్ అన్నా వినలేదు. తను పరిచిన బండల్ని తనే ఒక్కొక్కటీ పెకలించి, బయట గోడకు ఆనించాడు. పెన్నేటి ఇసుక తెచ్చి కొట్టం నింపారు. మర్నాడు పొద్దున చూస్తే చాందినీ ఇసుకలో హాయిగా పడుకుని ఉంది. బండలు పరిచాక అది పడుకోగా ఎవరూ చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు.

ఆ తర్వాత గులాబ్‌బీ పెట్టిన కాపడమూ, స్వాతి ఇచ్చిన మందూ రెండూ పట్టాయి. నడక కుదిరింది, ఏటి ఒడ్డున పరుగు కుదిరింది. ఇక పరుగెత్తించవచ్చని స్వాతే చెప్పింది.

పులివెందులలో చాందినీ రెండోదిగా వచ్చింది. ఎవరు గెలిచారో గులాబ్‌బీ చూడనేలేదు. ఆమె కళ్లు ఆ నాలుగు కాళ్లను వదల్లేదు. తిరిగి నడిచొచ్చిన గుర్రం అడుగులో ఎక్కడా తేడా లేదు. ముందుకాళ్లు రెండూ తడిమి చూసింది, వేడి లేదు. వేంపల్లె ఆసామి ఒకాయన వచ్చి, ఏం మందు వాడావని అడిగాడు. గులాబ్‌బీ తన వెనక నక్కి నిలబడిన తమ్ముణ్ణి చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"మందు సంగతి తర్వాత చెప్తాలే అప్పా. ముందు మావాడు దాని కాళ్ల కింద బండలు పీకినాడు," అంది.

ఆసామి ఇలియాస్ వైపు తిరిగాడు. ఇలియాస్ ఒక్క క్షణం నేల చూపులు చూసి, తలెత్తాడు.

"అవునప్పా, నేనే పీకినా," అన్నాడు. ఆ బండలు పరిచిన రోజు కూడా తమ్ముడి గొంతులో అంత గర్వం వినలేదు గులాబ్‌బీ.