టీచరుగారి మూడు చక్రాల బండి

పోయిన వారం మా టీచరుగారు చనిపోయారు. పొద్దున్నే షాపు తెరిచి, ఎవరిదో పెళ్లి జాకెట్టు ముందేసుకుని కుట్టుమిషన్ దగ్గర కూర్చున్నానో లేదో, ఆవిడ మరదలు ఫోన్ చేసింది. "వదిన రాత్రి నిద్రలోనే వెళ్లిపోయిందండీ" అంది. "అదేంటండీ, నిన్న సాయంత్రం కూడా ఇటే వెళ్లారు కదా" అన్నాను. నిన్న ఇటు వెళ్లిన మనిషి ఇవాళ ఎలా పోతారని నా వాదన.

టీచరుగారు అంటున్నాను గానీ ఆవిడ నాకు ఏ పాఠమూ చెప్పలేదు. నేను దివిసీమలో పదో తరగతి అయిందనిపించి, పెళ్లి చేసుకుని గుడివాడ వచ్చినదాన్ని. ఆవిడ రైలు గేటు అవతల ఒక గదిలో పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పేవారు. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. చేత్తో పెడల్ తిప్పుకునే మూడు చక్రాల బండి మీదే ఎక్కడికైనా. దారిలో మా షాపు ముందు ఆగి మంచినీళ్లు తాగడం అలవాటు. తాగి ఊరికే వెళ్తారా? కత్తెర రెక్కలు రెండూ ఒకలా ఎందుకుండవు, మిషన్ సూదికి బెజ్జం మొన దగ్గరే ఎందుకు, అన్నీ ప్రశ్నలే. నాకు ఒళ్లు మండేది. అవతల గిరాకీ నిలబడి ఉంటే ఈవిడకి సూది బెజ్జం గురించి ఏం చెప్పను?

కొన్నేళ్ల కిందట ఆవిడకి భుజాలు పట్టేశాయి. షుగరున్నవాళ్లకి అలా వస్తుందట. చేతులు ఛాతీ దాటి పైకి లేవవు. బండి పెడల్ తిరగాలంటే ఒకసారి పైదాకా వెళ్లి రావాలి కదా, ఆ పైకి వెళ్లడమే కుదరదు. ఇక మరదలో, ట్యూషన్ పిల్లలో తోస్తేనే ప్రయాణం. ఆదివారం చర్చికి వెళ్లడం కూడా తగ్గిపోయింది. "తోసేవాళ్ల తీరికే నా టైం టేబుల్ అయిపోయిందమ్మాయ్" అన్నారు ఒకరోజు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు. బ్యాటరీ బండి కొనుక్కోమని అందరం చెప్పాం. "అది నన్ను తీసుకెళ్తుంది. నాకు వెళ్లాలని ఉంది" అన్నారు. మొండితనం అనుకున్నాను. మొండితనమే.

చేతులు పైకి లేవకపోతేనేం, ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి కదా, ఆ ఆటతోనే చక్రం తిరగాలి అన్నది ఆవిడ పట్టు. అప్పట్నుంచి ముందుకీ వెనక్కీ ఆడేది ఏది కనబడినా బండి ఆపించేవారు. ముదినేపల్లి రోడ్డులో చేపల చెరువు దగ్గర ఆయిల్ ఇంజను కనబడితే, దాని కాపలా మనిషిని కూర్చోబెట్టి లోపల ఏది ఎటు కదులుతుందో చెప్పించుకున్నారు. మా ఇంట్లో మా అత్తగారు తాడు వేసి కవ్వంతో మజ్జిగ చేస్తుంటే కళ్లార్పకుండా చూశారు. "ఇది అటు కాసేపు, ఇటు కాసేపు తిరుగుతోందండీ. మజ్జిగకి చాలు. నాకు ఒక వైపే తిరగాలి" అన్నారు. "ముందు ఈ వెన్న తినమ్మా, తిరగడం సంగతి తర్వాత" అంది మా అత్తగారు.

చివరికి సైకిల్ షాపు సాయిబుగారు పూనుకున్నారు. సీటు ముందు నిలువుగా ఒక పిడి పెట్టారు. దాన్ని ముందుకి తోసి, ఛాతీ దాకా లాక్కోవాలి. పిడి నుంచి ఒక కడ్డీ కింద ఉన్న క్రాంకుకి, అంటే ఇరుసుని తిప్పే వంకర చేతికి, అక్కణ్నుంచి చైను ఎడమ చక్రానికి. ఎక్కి తోస్తే బండి కదిలింది. కానీ పిడి చివరిదాకా వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. మామూలు సైకిల్లో మనం తొక్కడం ఆపినా చక్రం దాని పాటికది తిరుగుతుంది చూడండి, ఆ ఫ్రీవీల్ ఇక్కడ కొంప ముంచింది. చక్రానికి ఊపుంది గానీ ఆ ఊపు పిడికి అందట్లేదు. సాయిబుగారు ఫ్రీవీల్‌కి వెల్డింగ్ పెట్టేశారు. ఇక చక్రం తిరిగినంతసేపూ పిడి ఆడాల్సిందే. టీచరుగారు మా షాపు ముందు నుంచి నన్ను చూడకుండా దర్జాగా వెళ్లిపోయారు. అంత సంతోషం నేను ఆవిడలో చూడలేదు.

ఆ సంతోషం రైలు గేటు దాకానే. గేటు పడితే ఆగారు. గేటు లేచాక పిడి లాగితే కదల్లేదు. ఇంకా గట్టిగా లాగితే బండి వెనక్కి వెళ్లింది. వెనక ఆటో అబ్బాయి "టీచరుగారూ, అటు కాదండీ, ముందుకండీ" అని అరిచాడు. లారీల హారన్లు. ఎవరో దిగి తోసి అవతల పడేశారు. తిరుగు దారిలో మా షాపు దగ్గర ఆగారు గానీ నీళ్లు అడగలేదు, ప్రశ్నా అడగలేదు. నాకు భయమేసి కుట్టుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి "అమ్మాయ్, ఆ చెయ్యెందుకు పెడుతున్నావు?" అన్నారు.

"ఏ చెయ్యండీ?"

"కాలు నొక్కే ముందు పక్కన చక్రాన్ని చేత్తో అంటున్నావు."

ఇన్నేళ్లుగా తొక్కుతున్నాను, నాకా సంగతి తెలియదంటే నమ్మండి. చెయ్యి పెట్టకుండా తొక్కమన్నారు. మొదట కదల్లేదు. ఇంకోసారి వెనక్కి తిరిగి దారం తెగింది. మళ్లీ తొక్కమన్నారు. "దారం మీరు కొనిస్తారా?" అని విసుక్కున్నాను. ఆవిడ వింటేగా. మిషన్‌కైనా బండికైనా కడ్డీ, క్రాంకు ఒకే గీతలోకి వచ్చినప్పుడు ఎంత నొక్కినా ఆ బలమంతా ఇరుసు మీదికే పోతుందట, తిప్పడానికేమీ మిగలదట. ఆ గీతకి కాస్త ఇవతల ఆగితే ఒక వైపు, అవతల ఆగితే ఇంకో వైపు తిరుగుతుందట. "ఎటు తిరగాలో దానికి తెలియదమ్మాయ్. నీ చెయ్యి చెప్తోంది" అన్నారు. మొహం వెలిగిపోయింది.

సాయిబుగారు ఎడమ చక్రానికి పైపుతో ఒక రింగు బిగించారు. బయల్దేరేటప్పుడు ఎడం చేత్తో దాన్ని కాస్త ముందుకి నెట్టి, కుడిచేత్తో పిడి అందుకునేవారు. అంతే. ఆ తర్వాత ఎవర్నీ బండి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆదివారం చర్చికి అందరికన్నా ముందుండేవారు. ఏ కొత్త మిషన్ చూసినా "ఇది ఎక్కడ ఆగితే మళ్లీ కదలదు?" అని అడిగేవారు. ఇప్పుడు నేనూ అడుగుతున్నాను. నా చేతిని నాకు చూపించిన మనిషి ఆవిడ.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు, ఆ బండి ఇంకెవరికైనా పనికొస్తుందని సాయిబుగారి షాపుకి చేర్చాలనుకున్నారు వాళ్లింట్లో. నేను తీసుకెళ్తానన్నాను. సీటు వెనక చేతులు వేసి తోశాను. కొంతదూరం వెళ్లాక గానీ చూసుకోలేదు, పిడి దానంతటదే ఆడుతోంది. ఇన్నాళ్లూ పిడి చక్రాన్ని తిప్పింది, ఇప్పుడు చక్రమే పిడిని ఆడిస్తోంది. టీచరుగారికి చూపించాలని ప్రాణం కొట్టుకుపోయింది. అన్నీ ఆపి చూసిన మనిషి, పిడి ఎవరి చేతిలోనూ లేకుండా ఆడటం ఒక్కటి చూసి ఉండరు. ఆవిడ లేకుండా ఆ బండి ఏనాడూ రోడ్డెక్కలేదు.

ఏడుపొచ్చింది, ఆగలేదు. నేను నడుస్తున్నంతసేపూ పిడి ఆ ఖాళీ సీటు దగ్గరికి, ఆవిడ ఛాతీ ఉండాల్సిన చోటిదాకా వచ్చి, మళ్లీ ముందుకి వెళ్తూనే ఉంది.