స్లొవేనియాలో సెంటు ఎంత?

కంకిపాడు దగ్గర మా మూడెకరాల వరిచేను ప్లాట్లు వేసి అమ్మిన డబ్బుతో, కాస్త పచ్చదనం చూసి వద్దామని మావారూ నేనూ స్లొవేనియా వెళ్ళాం. పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు కలిపితే ఎంతో, ఆ దేశమంతా అంతే. ఎటు చూసినా పచ్చటి కొండలే.

మా టూరు బస్సు ఒక సరస్సు పక్కన ఆగినచోట ఒక పెద్దాయన కొండవాలులో గడ్డి కోస్తున్నాడు. అందరూ సరస్సుకి ఫొటోలు తీస్తుంటే, మావారు మాత్రం ఆయన కంచె పక్కన అడుగులు వేస్తూ కొలుస్తున్నారు.

"ఇక్కడ సెంటు ఎంత పలుకుతుందో కనుక్కో."

సెంటంటే ఆయనకేం తెలుస్తుంది? నాకొచ్చిన ఇంగ్లీషులో పొలం ధర అడిగాను.

"అమ్మను. ఆవులకి గడ్డి కావాలిగా," అన్నాడాయన.

మావారు ఊరుకుంటేనా! "రోడ్ ఫేసింగ్ బిట్టు! లేఅవుట్ వేస్తే నలభై ప్లాట్లు తేలతాయని చెప్పు."

చెప్పాను. పెద్దాయన కొండకేసీ, మా బస్సుకేసీ చూసి నెమ్మదిగా అడిగాడు.

"మరి అప్పుడు మీరేం చూడ్డానికి వస్తారు?"

అది తెలుగులో చెప్పాక మావారు తలొంచుకుని వెళ్ళి బస్సులో కూర్చున్నారు. సిగ్గుపడ్డారనే అనుకున్నాను. బస్సు కదిలాక నిట్టూర్చారు.

"బంగారం లాంటి బిట్టు. పాపం, ఆయనకి చెప్పేవాళ్ళు లేరు."