మూతుల పందెం

మా అపార్ట్‌మెంటులో ఎదురు ఫ్లాటు వాళ్ళ వంటింటి కిటికీ, మా వంటింటి కిటికీ ఒకే సందులోకి తెరుచుకుంటాయి కాబట్టి, వాళ్ళింట్లో ఏం వండారో మాకు, మా ఇంట్లో ఏం మాడిందో వాళ్ళకి ఎప్పటికప్పుడు తెలిసిపోతూ ఉంటుంది. మొన్న సాయంత్రం ఆ కిటికీలోంచి వెల్లుల్లి రేకలు నువ్వుల నూనెలో కాగుతున్న వాసన వచ్చింది. అది పోపు వాసన కాదు. పోపైతే ఆవాలు చిటపటమనాలి, ఎండుమిర్చి ఘాటుకి మాకూ దగ్గు రావాలి. ఇది చిన్న గరిటెలో, సన్నటి మంట మీద, ఎవరో ఒక్కరి చెవి కోసం కాగే నూనె వాసన. ఆ వాసనకి మిగతావాళ్ళకి ఏం గుర్తొస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం మా పైడత్త మొహం గుర్తొస్తుంది, అందులోనూ ఎడమ సగం.

నా చిన్నప్పుడు మేము వన్‌టౌన్‌లో అద్దెకుండేవాళ్ళం. హార్బరుకి దగ్గర కావడం వల్ల మాకు రెండు సౌకర్యాలుండేవి. గడియారం ఆగిపోయినా ఓడ కూతలు వినబడేవి, కాటుక అయిపోయినా బొగ్గు దుమ్ము దొరికేది. పొద్దున్న ఆరేసిన తెల్ల చొక్కా మధ్యాహ్నానికి బూడిదరంగు చొక్కా అయి ఇంట్లోకి వచ్చేది. మా మామ్మ, అంటే నాన్న తల్లి, డాబా మీద పెట్టిన గుమ్మడి వడియాల మీద దుమ్ము పడకుండా పాత పంచె కప్పి, ఆ పంచె ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, ఆ రాళ్ళ మీద నమ్మకం లేక నన్ను కాపలా పెట్టేది. నా మీద ఆవిడకి అంత నమ్మకం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, ఎందుకంటే ఆ వడియాల్ని పచ్చివిగానే సగం తినేసేది నేనే. చలికాలం వస్తే సముద్రం మీంచి తడిగాలి వీధి చివరదాకా వచ్చి, ఎండుచేపల వాసనని మా గుమ్మం దగ్గర దింపేసి వెళ్ళేది.

నాన్న హార్బరులో ఫిట్టరు. పైడత్త ఆయన చెల్లెలు, నాకంటే పదమూడేళ్ళు పెద్ద. విజయనగరం పక్క పల్లెలో ఇంటర్ పాసై, టైపు నేర్చుకోడానికి మా ఇంటికొచ్చి ఉండిపోయింది. టైపు ఇన్‌స్టిట్యూటులో ఆవిడ నేర్చుకున్నది టైపు. ఇంట్లో నాకు నేర్పింది మూతులు పెట్టడం.

దాన్ని మేము మూతుల పందెం అనేవాళ్ళం. డాబా మెట్ల మీద ఎదురెదురుగా కూచోవాలి. ఒకరు ఏ మూతి పెడితే రెండోవాళ్ళు అచ్చం ఆ మూతే పెట్టాలి, నవ్వినవాళ్ళు ఓడినట్టు. ఒక్కో మూతికీ పేరుండేది. కనుబొమలు నుదుటి మీదకి ఎత్తితే హెడ్మాస్టరు. కళ్ళు గట్టిగా మూస్తే కుంకుడురసం. బుగ్గల నిండా గాలి పూరిస్తే బూరె. పళ్ళన్నీ బయటపెడితే ఫొటో. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి నువ్వుల జీడి ఒకటి ఇవ్వాలి. అత్త ఎప్పుడూ ఓడేది కాదు, కానీ గెలిచిన జీళ్ళు సగం విరిచి నాకే పెట్టేది. వీధిలో ఎవరి నడకైనా, ఎవరి దగ్గైనా ఒక్కసారి చూస్తే దింపేయగలనని నాకు అప్పటికే మంచి పేరుండేది. ఆ పేరు మంచిదని నేననుకునేదాన్ని.

సందెవేళ మేమిలా మెట్ల మీద ఉంటే మామ్మ దీపం పెట్టి వచ్చి, రోజూ అదే మాట అనేది.

“సందేళ ఆ మూతులేటే? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మూతి అలగే ఉండిపోద్ది.”

చీకటి పడే వేళ ఆ దేవతలు ఇళ్ళ మీద తిరుగుతూ, మనుషులేం అంటే, ఏం చేస్తే, దానికల్లా తథాస్తు అనేస్తారట. ఆలోచించి అనే అలవాటు వాళ్ళకి లేదట. నేను చాలాసార్లు వాళ్ళ ముందు పరీక్షల్లో ఫస్టు రావాలని గట్టిగా అనుకున్నాను. అలాంటి వాటికి వాళ్ళు పలికేవాళ్ళు కాదు.

ఆ ఏడు కార్తీకంలో అత్తకి ఒక షిప్పింగ్ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి పిలుపొచ్చింది. కాగితాల పరీక్ష అయిపోయింది. మిగిలింది గొంతు పరీక్ష. ఆఫీసుకొచ్చి, ఫోనెత్తి, నాలుగు మాటలు మాట్లాడి చూపించాలి, అంతే. మా వంశంలో కుర్చీలో కూచుని చేసే ఉద్యోగం అదే మొదటిదవుతుంది కాబట్టి నాన్న ముందే వీధంతా చెప్పేశాడు. అత్త స్టీలు గ్లాసు చెవికి పెట్టుకుని, నేను ఇంకో గ్లాసుతో వంటింట్లోంచి ఫోను చేస్తే, “గుడ్ మార్నింగ్, హోల్డ్ ఆన్ ప్లీజ్” అనేది. ఆ ప్లీజ్ అన్నప్పుడు ఆవిడ పెదాలు రెండూ కలిసి విడిపోవడం ఎంత నాజూగ్గా ఉండేదో చెప్పలేను. నేను పొద్దున్నించి సాయంత్రందాకా హోల్డ్ ఆన్ అయి ఉండేదాన్ని.

పరీక్ష ఇంకా పదిరోజులుందనగా, ఓ శుక్రవారం నేను ఆవిడ జడ విప్పుతుంటే, ఎడమ చెవి దగ్గర చెయ్యి తగిలి ఉలిక్కిపడింది. చూస్తే చెవి గుంటలో, చెవి వెనకా, సగ్గుబియ్యం గింజల్లా చిన్న చిన్న నీటి పొక్కులు. రెండు రోజులనించి లోపల పోటుగా ఉందంది. మామ్మని పిలవబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

“బుజ్జమ్మా, అమ్మకి సెప్పకే. నూనె పోసీసి దూది కుక్కీద్ది. దూది ఎట్టుకుని నాను ఫోన్లో ఏటింటాను?”

ఒట్టు వేశాను. అంతకు ముందు వేసిన ఒట్లు ఏవీ నిలబెట్టుకున్న పాపాన పోలేదు కాబట్టి, ఇదీ అలాగే పోతుందని ఎవరైనా అనుకుంటారు. దురదృష్టం కొద్దీ పోలేదు.

ఆదివారం వీధివాళ్ళందరం కలిసి యారాడ వెళ్ళాం, వనభోజనాలకి. వెళ్ళేది సముద్రం ఒడ్డుకి గనక అక్కడ వనం కొబ్బరిచెట్లు, భోజనంలో కాస్త ఇసక. ఆవపెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, కందాబచ్చలి, అరిటాకులు ఎగిరిపోకుండా అందరూ ఎడమ మోచేయి ఆనించి తినడం. అత్త సరిగ్గా తినలేదు. నాలిక ఓ పక్క రుచి తెలియడం లేదంది. పులిహోరలో ఉప్పు తక్కువైందేమోనని, వండిన పక్కింటి రాములమ్మ నొచ్చుకుంది. వచ్చేటప్పుడు కొండ మీద బస్సు కిటికీలోంచి గాలి ఈడ్చి కొట్టింది.

ఇంటికి చేరేసరికి సందెవేళ. అలవాటు కొద్దీ మెట్ల మీద కూచున్నాం. నేను బూరె పెట్టాను. అత్తా పెట్టింది. ఎడమ పక్క నించి పుస్సుమని గాలి పోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పోయింది. నేను ఆవిడలాగే మూతి ఓ పక్కకి లాగి పుస్సుమనిపించాను. అచ్చంగా దింపాను, ఇద్దరం నవ్వాం, కానీ ఆవిడ ముందు నవ్వింది. జీవితంలో మొదటిసారి గెలిచాను. మామ్మ దీపం పెట్టి వచ్చి తన మాట తను అనేసి వెళ్ళింది.

సోమవారం పొద్దున్న అత్త నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తే, ఎడమ పక్కనించి ధారగా కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడలేదు. నవ్వమంటే మూతి కుడి పక్కకి వెళ్ళిపోయింది. నిన్న సాయంత్రం నేను పెట్టిన మూతి అది. నేను బల్ల కింద దూరి, ఇంకెప్పుడూ ఎవర్నీ వెక్కిరించనని తథాస్తు దేవతలకి చెప్పుకున్నాను. పగటిపూట కావడం వల్ల కాబోలు, వాళ్ళు వినలేదు.

ఆ వారం మా ఇంట్లో వైద్యం అంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది. రాములమ్మ వచ్చి చూసి, “యారాడ కొండ మీద గాలి తగిలీసిందమ్మా” అంది. ఆవిడ ఉద్దేశం చల్లగాలి. మామ్మకి వినబడింది రెండో గాలి, కంటికి కనబడకుండా తిరిగేది. అందుకని అత్త తలకి మఫ్లరు చుట్టి, ఆ మఫ్లరు మీంచి నిమ్మకాయలు తిప్పారు. నాన్న చదువుకున్నవాడు గనక ఇవేవీ నమ్మకుండా, ఇది పక్షవాతమని తేల్చి, గోడౌన్ల దగ్గర గింజలు తినే పావురాన్ని పట్టించి తెచ్చి, దాని నెత్తురు రాయించాడు. కార్తీకమాసమని మామ్మ ఉల్లిపాయ కూడా ముట్టడం లేదు. కానీ రాసుకోవడం తినడం కింద రాదని తనే తీర్పు చెప్పింది. నెత్తురు మీద పసుపు, పసుపు మీద వెల్లుల్లి నూనె. ఏ నూనెకి భయపడి అత్త నా చేత ఒట్టు వేయించుకుందో, ఆ నూనె చెవి నిండా పోశారు.

అత్త చారు తాగితే కారిపోయేది, అన్నం ముద్ద బుగ్గలో ఉండిపోతే వేలు పెట్టి తీసుకునేది. ప, బ, మ అనబోతే పెదవులు కలిసేవి కావు, సగం అక్షరం, సగం గాలి వచ్చేది. పలక మీద ఆ అక్షరాలన్నీ ఒకే వరసలో ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. తన పేరు తను పలకలేక, నా పేరూ పలకలేక, బుధవారం నించి నన్ను “సిట్టీ” అనడం మొదలుపెట్టింది. అందులో పెదవులతో పని లేదు.

శుక్రవారానికి నాన్న ధైర్యం అయిపోయి, సీతమ్మధారలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మామ్మ కూడా వచ్చింది, నేను ఏడ్చి వెంటబడ్డాను. ఆయన అత్తని ఎదురుగా కూచోబెట్టుకుని, నెమ్మదిగా, ఒకటొకటిగా చెప్పాడు. కనుబొమలు పైకెత్తమ్మా. కళ్ళు గట్టిగా ముయ్యి. బుగ్గలు పూరించు. పళ్ళు చూపించు.

హెడ్మాస్టరు, కుంకుడురసం, బూరె, ఫొటో. మా పందెం, అదే వరసలో. అత్త నాలుగూ ఓడిపోయింది. ఎడమ పక్క నుదురు ఇస్త్రీ చేసినట్టు ఒక్క ముడతా లేకుండా ఉంది.

మెదడులో వచ్చిన పక్షవాతమైతే సాధారణంగా నుదురు రెండు పక్కలా కదులుతుందని, చాలాసార్లు చెయ్యో కాలో కూడా పట్టు తప్పుతుందని, ఇది మొహానికి వచ్చే నరం వాచడం వల్ల వచ్చిందని ఆయన నాన్నకి చెప్పాడు. ఆ నరం చెవి దగ్గర ఎముకలో సన్నటి సందులోంచి వస్తుందట. వాపుకి కారణం చాలామందిలో తెలియదట. కొందరికి చెవిలో చీము వల్ల, కొందరికి దెబ్బ వల్ల, షుగరున్నవాళ్ళకి కాస్త ఎక్కువగా, కొందరికి చెవి దగ్గర పొక్కులు లేచీ వస్తుందట. టార్చి వేసి చెవి చూశాడు. పసుపు తుడిస్తే పక్కులు కట్టిన చర్మం కనబడింది.

“ఇవేమిటి? చెవిపోటు, నీటి పొక్కులు ఏమైనా వచ్చాయా?”

“లేదు బాబూ,” అంది మామ్మ, అత్త నోరు తెరిచేలోపు. “మర్దనాకి రేగిపోనాదంతే.”

అత్త నా వైపు చూసింది. కుడి కనుబొమ కొంచెం లేచింది, కుడి కన్ను చిన్నదైంది. ఎడమ కన్ను మాత్రం రెప్ప వెయ్యకుండా, నీళ్ళు కారుస్తూ, ఏమీ అనకుండా ఉంది. మొహాలు చదవడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. చెప్పొద్దంటోంది అని చదివాను. పైగా చెవి సంగతి చెబితే ఆదివారం పందెం సంగతీ బయటికొస్తుంది. నేను గోడ మీది క్యాలెండరులో తారీకులు లెక్కపెట్టాను.

డాక్టరు రోజు రోజుకీ తగ్గించి వేసుకునే మాత్రలు, కంట్లో చుక్కలు రాశాడు. అద్దం ముందు ఆ నాలుగూ రోజూ చేయించమన్నాడు. ఆ పని నాకు అప్పగించారు. కొన్ని నెలలు రోజూ అద్దం ముందు మూతుల పందెమే. నవ్వినవాళ్ళు ఓడినట్టు కదా, అత్త మళ్ళీ ఎప్పుడూ ఓడలేదు.

గొంతు పరీక్షకి వెళ్ళింది. వెళ్ళొద్దని ఎవరూ అనలేకపోయారు. ప్లీజ్ దగ్గర గాలి పోయిందట. ఆఫీసరు చాలా మర్యాదస్థుడట, వినబడనట్టే ఉన్నాడట.

మొహం సగానికి సగం తిరిగొచ్చింది. కన్ను మూతపడింది, నీళ్ళు కారడం ఆగింది, కానీ నవ్వు కుడి పక్కనే ఉండిపోయింది. అత్త టైపు ఇన్‌స్టిట్యూటులోనే ఉద్యోగానికి చేరింది. అక్కడ వేళ్ళతో తప్ప పెదవులతో పనిలేదు. స్టీల్ ప్లాంటులో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది, పిల్లలు పుట్టారు. ఫొటోల్లో మాత్రం ఎప్పుడూ ఎడమ పక్కని ఎవరో ఒకరి వెనక దాచుకుని ఉంటుంది. నేను మూతులు పెట్టడం మానేశాను. అప్పటినించి నా హాస్యమంతా మొహం కదపకుండానే. దాన్ని జనం నా ప్రత్యేకత అంటుంటారు.

పెద్దయ్యాక, వేరే పని మీద వెళ్ళి ఒక చెవి డాక్టరుని అడిగాను. చెవి దగ్గర పొక్కులు లేచి మూతి వంకరపోతే, అది చిన్నప్పటి ఆటలమ్మ తాలూకు వైరస్ నరంలో నిద్రపోయి లేవడం వల్ల అట. దానికి ఇంకో మందు కూడా కలిపి తొందరగా మొదలుపెట్టాలట. మొదలుపెడితే పూర్తిగా తగ్గేదా అన్నాను. చెప్పలేమండీ, అవకాశం పెరిగేది, అన్నాడు. ఆయన ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, ఫీజు ఇవ్వడం మర్చిపోయి సగం మెట్లు దిగేశాను.

గాజువాకలో అత్త ఇంటికి వెళ్ళి, చెప్పడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. ఒట్టు గురించి, పందెం గురించి, క్యాలెండరు గురించి చెప్పాను. చెప్పొద్దన్నావనుకున్నాను అత్తా, అన్నాను.

“సెప్తావనుకున్నాను, సిట్టీ,” అంది. “నోరిప్పితే నా మాటకి నాకే సిగ్గేసీది. అందుకే నీకేసి సూశాను.”

ఇంకో చిక్కుడుకాయ తీసుకుని, ఓ పక్కగా నవ్వింది.

“సగం మొగమే కదే పని సేసింది. నీకు సగమే అందింది.”

మొన్న ఆ నూనె వాసన రాగానే స్టవ్ ఆపి వెళ్ళి ఎదురింటి బెల్లు కొట్టాను. చెవిపోటు వాళ్ళ కోడలికి. ఆ అమ్మాయిని వెలుతురులోకి రమ్మని చెవి వెనక చూశాను. కనుబొమలెత్తమన్నాను, కళ్ళు మూయమన్నాను, బుగ్గలు పూరించమన్నాను, పళ్ళు చూపించమన్నాను. నాకేదో అయిందనుకుని ఉంటుంది, కానీ పెద్దదాన్నని అన్నీ చేసింది. రెండు పక్కలా సమానంగా ఉంది. చివర్లో నవ్వేసింది, ఓడిపోయింది. పొక్కులు లేవు. అయినా నూనె పక్కన పెట్టి పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పి వచ్చేశాను.

వన్‌టౌన్‌లో మా డాబా ఉన్నచోట ఇప్పుడు లారీల ఆఫీసుంది. ఫోను చేస్తే హోల్డ్ ఆన్ ప్లీజ్ అనడానికి మనిషితో పనిలేదు, పెదవులతో అసలే లేదు. యంత్రం ఒక్క అక్షరం జారకుండా అంటుంది. అత్త పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇంట్లో, చుట్టాల్లో నన్ను బుజ్జమ్మా అని పిలిచేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. సిట్టీ అని పిలిచేది ఆవిడొక్కతే.