దేవదానం అన్న కోసం చేసిన ప్రార్థన

మాది పత్తికొండ. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో, యేసు సిలువపై పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. నిరుడు మొదటిది, క్షమాపణ గురించిన మాట, మా సంఘంలోని దేవదానం అన్న వంతుకు వచ్చింది. దాన్ని నేను చెప్పి పేరు తెచ్చుకోవాలనుకున్నాను. మధ్యాహ్నం పన్నెండింటి ఆరాధన మూడింటికి మారిందని అన్నతో అబద్ధమాడాను. ఆయనకు జ్వరమని పాస్టరుగారికి చెప్పాను.

"అట్లయితే నువ్వే చెప్పు నాయనా. ముందు ఆయప్ప కోసం ప్రార్థన చెయ్యి," అన్నారు పాస్టరుగారు.

మైకు పట్టుకుని, గొంతు వణికిస్తూ ప్రార్థించాను. ఆమెన్ అని కళ్లు తెరిస్తే గుమ్మంలో దేవదానం అన్న! పాటలు వినబడి ఎండలో పరుగెత్తుకొచ్చాడట. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నాకేమైందప్పా? బాగనే ఉండా కదా! మూడింటికని నువ్వే చెప్తివి కదా?"

సంఘమంతా నావైపు తిరిగింది. మా ఆవిడ తలదించుకుంది. అన్నకు సంగతి అర్థమైంది. మైకు ఇవ్వబోతే తీసుకోలేదు.

"శానా తయారై వచ్చినట్టుండావు. నువ్వే చెప్పప్పా," అని వెనక చాపమీద కూర్చున్నాడు.

క్షమాపణ గురించి ఒక్క ముక్క కూడా నా నోట రాలేదు. ఆరాధన అయ్యాక ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. దేవుని వాక్యాన్ని కూడా నా గొప్ప కోసం వాడుకోబోయాను. ఇప్పటికీ పాస్టరుగారు పిలిస్తే, సిగ్గుతో ముందుకు అడుగు పడదు.