మరక్కాణం ఆకు, ఒర్లియంపేట పప్పు

బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందంటే దిగాల్సిన చోటు మర్చిపోయే రకం నేను. ఈసారి మాత్రం మర్చిపోతే కుదరని ప్రయాణం. మాది కావలి దగ్గర సముద్రం వైపు ఊరు. రొయ్యల చెరువుల పక్కనున్న పొలాలు ఉప్పు పట్టి తెల్లబడిపోయాయి. ఆ తెల్లటి నేల మీద ఒక్క మొక్క మాత్రం ఎర్రటి కాడలతో, దళసరి ఆకులతో పచ్చగా పాకుతూ ఉంటుంది. వంగరెడ్డి కూర అంటారు. కాలేజీ రోజుల నుంచి దాన్ని చూస్తూ గట్టు మీద నిలబడిపోవడం నాకు అలవాటు. దీన్నే పంటగా వేస్తే ఆ నేల మళ్ళీ ఎవరి కంచంలోకైనా ఇంత కూడు పెడుతుందా అని ఒకటే ఆలోచన. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ అయిపోయినా అది నన్ను వదల్లేదు. పుదుచ్చేరి పక్కనే ఒక విశ్వవిద్యాలయంలో ఉప్పునేల మొక్కల మీద పరిశోధన జరుగుతోందనీ, అక్కడ సహాయకురాలి చోటు ఒకటి ఖాళీగా ఉందనీ తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ ప్రయోగశాల నడిపే మేడమ్‌ది యానాం. ఫోన్‌లో ఒకే షరతు పెట్టారు. "సర్టిఫికెట్లు అందరూ తెస్తారండి. మీరు దారిలో మరక్కాణం ఉప్పుమళ్ళ దగ్గర దిగి, ఆ వంగరెడ్డి మొక్కల్ని వేళ్ళతో సహా తవ్వి, బతికుండగా నా దగ్గరికి తీసుకురండి. శనివారం మధ్యాహ్నం చూస్తాను." అదే శనివారం ఉదయం పుదుచ్చేరిలోనే ఉన్న మేట్టుపాళయం పారిశ్రామికవాడలో ఇంకో పని పెట్టుకున్నాను. అక్కడి మసాలా పొడుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం అప్పటికే ఖాయమైంది. చేరతానో లేదో ఆ సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలి. ఇంట్లో అందరి ఓటూ దానికే.

శుక్రవారం చెన్నైలో ఈసీఆర్, అంటే సముద్రం పక్క రోడ్డు మీదుగా వెళ్ళే పుదుచ్చేరి బస్సెక్కాను. పగటిపూట ఎడమవైపు కూర్చోండి, సముద్రం మధ్యమధ్యలో కొబ్బరితోటల సందుల్లోంచి మెరుస్తుంది. టికెట్ రెండు వందల లోపే. మూడు గంటల్లో, కాస్త అటూ ఇటూగా, పుదుచ్చేరి చేరుస్తుంది కానీ, నేను ముందే మరక్కాణంలో దిగిపోయాను. ఎండ వాలుతున్న వేళ ఆ ఉప్పుమళ్ళను చూస్తే నేలెక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. గట్ల మీద మనుషులు మబ్బుల్లో నడుస్తున్నట్టు కనిపిస్తారు. నేనూ కాసేపు అలాగే నడిచాను, కాళ్ళ కింద ఏముందో పట్టించుకోకుండా. గట్టు వారన మోకాళ్ళ మీద కూర్చుని నా మొక్కల్ని తవ్వుతుంటే ఉప్పు గీస్తున్న ఒకాయన ఆగి, "మేకలకా అమ్మా?" అని తమిళంలో అడిగాడు. చదువుకని చెప్పాను. ఆయన నవ్వి మళ్ళీ పనిలో పడ్డాడు. వేళ్ళకు మట్టి ఉండగానే తడి తువ్వాలులో చుట్టుకుని, ఇంకో బస్సులో గంటలో పుదుచ్చేరి చేరాను.

బస విషయం. బస్టాండు నుంచి ఒర్లియంపేటకు నడిచి వెళ్ళొచ్చు. అక్కడ కన్నమ్మత్త ఇంట్లో దిగాను. మా పెద్దమ్మ తోటికోడలి చెల్లెలు కాబట్టి అత్త అయింది, అంతకంటే వివరంగా చెప్పమంటే నాకే తికమక. బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన మామా, ఆవిడా, ఇద్దరే ఉంటారు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే, కానీ సగం తమిళంలో నానిన తెలుగు. మొక్కలు వాడిపోకూడదని తడి తువ్వాలుతో సహా వంటింటి కొళాయి కింద గిన్నెలో పెట్టి, మామ చెప్పే మిల్లు కబుర్లు వింటూ వింటూ నిద్రపోయాను.

ఉదయం ఎనిమిదింటికి టౌన్‌బస్సులో మేట్టుపాళయం వెళ్ళాను. అరగంట ప్రయాణం. గేటు దగ్గరకు రాకముందే మిరపపొడి ఘాటు పలకరిస్తుంది. మేనేజరు మర్యాదస్తుడు. పొడిలో తేమ ఎంతుందో చూసే యంత్రం, రంగు సరిపోల్చే పలకలు, ఏసీ గది, అన్నీ దగ్గరుండి చూపించారు. "ఏమైనా సందేహాలున్నాయా మా?" అని అడిగారు. లేవన్నాను. నిజంగానే లేవు. అది మంచి ఉద్యోగం, ఒకటో తారీఖుకు జీతం పడుతుంది. తిరుగు బస్సులో కూర్చుని, ఇందులోనే చేరిపోదామని అనుకున్నాను కూడా.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కంచాలు పెట్టి ఉన్నాయి.

"రా పాపా, కాళ్ళు కడుక్కో. నువ్వు తెచ్చిన కీరతో పప్పు చేసినా. ఇంత లేత పరుప్పు కీర యాడ దొరికింది నీకు?" అంది అత్త. కీర అంటే అక్కడ ఆకుకూర, పరుప్పు కీర అంటే మన గంగపావిలి కూర. కొళాయి వైపు చూశాను. గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది.

"అత్తా, అది గంగపావిలి కాదు. కూరకు తెచ్చింది కాదు."

"కూరకు కాకుంటే ఇంకేందికి? ఇంటికొచ్చిన చుట్టం వంటింట్లో పెట్టింది ఇంటికే కదమ్మా?"

మా వైపూ అంతే. ఎవరింటికీ వట్టి చేతులతో పోము. తెచ్చింది చేతికివ్వడానికి మొహమాటపడి వంటింట్లో ఓ మూల పెట్టేస్తాం, ఆ ఇంటావిడ అడక్కుండా తీసుకుంటుంది. అరటిపళ్ళు, పూలు, కరివేపాకు నేనే ఎన్నిసార్లు అలా పెట్టానో. ఆ మొక్కలెందుకు తెచ్చానో చెప్పేసరికి అత్త నెత్తిన చేతులు పెట్టుకుని కింద కూలబడింది. "ఐయ్యయ్యో, నీ ఉద్యోగాన్ని తాళింపు వేసేస్తినే!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ముందు తిననీ బిడ్డను. కడుపు కాలతా ఉంటే ఏడుపు ఇంకా ఎక్కువొస్తాది," అన్నాడు మామ. కూర్చున్నాను. మొదటి ముద్దకే నోరు ఉప్పుకశమైపోయింది. మామ తల వంచుకుని, "బాగుండాది," అంటూ తింటున్నాడు. అతిథిగా నేనూ అదే మాట అనాలి. అనలేకపోయాను. "అత్తా, ఉప్పు ఎక్కువైంది."

అత్త వేలితో నాకి చూసింది. "ఎప్పటి మాదిరే వేసినానే!"

అవును, ఎప్పటిలాగే వేసింది. మిగతా ఉప్పు ఆకుది. ఇన్నేళ్ళుగా గట్టు మీద నిలబడి చూసిన మొక్క మొదటిసారి నా కంచంలో అన్నంతో కలిసి ఉంది. ఇక బుర్ర ఆగలేదు. ఉడికించిన నీళ్ళు వార్చేస్తే ఉప్పు ఎంత పోతుంది? లేతాకులో ఎంత, ముదురాకులో ఎంత? అసలు పప్పులో ఉప్పే వేయకుండా ఈ ఆకుతో సరిపెట్టొచ్చా? అత్తను అడిగాను, నీళ్ళు వార్చావా అని. "పప్పులోనే వేసి ఉడికిస్తిని. ఏంది పాపా, ఏడ్చేది మానేసి వంట నేర్చుకుంటా ఉండావా?" అంది. కాడలేం చేశావన్నాను. "కాడలు ఎవరన్నా పారేస్తారా? మాడి మింద గుచ్చినా."

మాడి అంటే డాబా. ఆకుకూర వలిచాక మిగిలిన కాడల్ని మట్టిలో గుచ్చడం ఆవిడ అలవాటు. పుదీనా, బచ్చలి పక్కన పాత పెయింటు బకెట్‌లో నా మొక్కల మోడులు వరసగా నిలబడి ఉన్నాయి, బడికి గుండు గీయించుకొచ్చిన పిల్లల్లాగా. ఆ బకెట్ పట్టుకునే, విశ్వవిద్యాలయం ఉన్న కాలాపేటకు బస్సెక్కాను. అక్కడికీ అరగంటే. కండక్టర్ బకెట్‌లోకి తొంగిచూసి, "ఏం చెట్టిది? ఆకే లేదు," అన్నాడు. తిన్నామని చెప్పాను. ఆయన టికెట్ చింపి ఇచ్చి ముందుకు జరిగాడు.

మేడమ్ కూడా అదే అడిగారు. "ఆకులేవండీ?"

"తినేశామండి."

ఆవిడ కళ్ళజోడు తీసి చూశారు. అల్లుకొచ్చిన అబద్ధం ఏదీ నా దగ్గర లేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉప్పు సంగతీ, నా ప్రశ్నలూ కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ బకెట్ మట్టిని వేళ్ళతో నలిపి చూశారు. "ఇవి పనికిరావండి. కుండీ మట్టి కలిసిపోయింది. మీ ప్రశ్నలు బాగున్నాయి, కానీ ప్రశ్నలను చూసి చోటు ఇవ్వలేను కదా. సోమవారం ఉదయం దాకా ఆగుతాను. మళ్ళీ తవ్వి తెండి. మాట మాత్రం ఇవ్వను. ఇంకో ఇద్దరు కూడా తెస్తున్నారు."

విశ్వవిద్యాలయం పక్కనే పిళ్ళైచావడి. చేపలు పట్టేవాళ్ళ ఊరు. అక్కడి ఇసుకలో, ఒడ్డుకు లాగిన పడవ నీడలో బకెట్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నపు ఎండలో సముద్రం కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. ఎవరో వల బాగుచేసుకుంటూ కూనిరాగం తీస్తున్నారు. వింటూ వింటూ ఎంతసేపు కూర్చున్నానో. ఐదు కాబోతుండగా ఉలిక్కిపడి ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ చేశాను. చేరడం లేదని చెప్పాను.

"వేరే చోట వచ్చిందా మా?"

"ఇంకా రాలేదు సార్."

"సరే మా, మంచిది," అని పెట్టేశారు. ఇంట్లో ఏమని చెప్పాలో అప్పటికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు.

ఇది శనివారం సాయంత్రం అత్తవాళ్ళ డాబా మీద కూర్చుని రాస్తున్నాను. భయంగా ఉంది. సోమవారం ఆ చోటు నాకు రాకపోవచ్చు, అప్పుడు రెండూ పోయినట్టే. అయినా ఫ్యాక్టరీలో సందేహాలున్నాయా అని అంత ఆప్యాయంగా అడిగితే నాకు ఒక్కటీ పుట్టలేదు. అత్త వంటింట్లో ఉప్పెక్కువైన పప్పు ముందు పుట్టినవి ఇంకా ఆగలేదు. రోజూ అలా అడుగుతూ బతకాలని ఉంది, అంతే. రేపు పొద్దున్నే మరక్కాణం వెళ్తున్నాను. అత్త కూడా వస్తానంటోంది, సంచీ సిద్ధం చేసి పెట్టుకుంది. ఆ సంచీ దేనికో అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

పరిశోధనకు మొక్కలు సేకరించి తెచ్చేవాళ్ళకు ఒక్క సలహా. చుట్టాలింట్లో దిగితే వాటిని వంటింటి గడప దాటనివ్వకండి. దాటిపోయాయా, పిలిచినప్పుడు వెళ్ళి కూర్చుని తినండి, ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పండి.